ఎత్తైన చోటికి వెళ్ళండి

మాది రేపల్లె. తుపాను వస్తే ఏం చేయాలో నిజాంపట్నం జాలర్లకు ఏళ్ళ తరబడి చెప్పిన మేస్టారిని. ఆ అర్హత చాలనుకుని నన్ను పాడేరు అవతల ఒక కొండ ఊరికి పంపారు. సముద్రమైతేనేం, కొండైతేనేం, వాన వానేనని పైనున్న మహానుభావుల లెక్క.

ఏటవాలు మీద పాతిక ఇళ్ళు. చేతికిచ్చిన కాగితం చూస్తే, తీరంలో చదివేదే. ఇదేంటని అడిగితే, నాతో వచ్చిన తెనాలి ఉద్యోగి విసుక్కున్నాడు.

"చదివెయ్యండి మేస్టారూ. ఎలాగూ వాళ్ళకి అర్థం కాదండి."

చదివేశాను. భారీ వర్షం పడితే వెంటనే ఎత్తైన చోటికి వెళ్ళాలన్నాను.

ఎవరూ నవ్వలేదు. ఒక ముసలమ్మ నా చేతికి రాగి అంబలి ఇచ్చి, తాగేదాకా ఆగింది. ఇంటికొచ్చినవాడి కడుపు నిండకుండా ఎదురు చెప్పకూడదట వాళ్ళలో.

"పెద్ద వానొస్తే మట్టి పైనుంచే జారుతాది బాబూ. మేం పైకెళ్తే దానికి ఎదురెళ్ళినట్టు కాదా?"

"మరేం చేస్తారమ్మా?"

"ఊట నీరు ఎర్రబడితే ఆ పక్క బండ మీదికి పోతాం. బండ జారదు. అక్కడే ఇళ్ళు కట్టుకుంటామని అర్జీ పెట్టాం. అడవి భూమంట, ఒప్పుకోలేదు."

తిరిగి జీపెక్కేసరికి ఉద్యోగి రిపోర్టు ముగించేశాడు. 'గిరిజనులకు అవగాహన కల్పించడమైనది.'

ఆ రోజు అక్కడ అవగాహన కలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. నా పేరు రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.