అక్క కాయను చంపొద్దనుకున్న

మా అక్క నోరు ఎసొంటిదో మేళ్లచెరువుల ఎవల్నడిగినా చెప్తరు. నల్లా కాడ ఆమె ఒక్క మాటంటే వాడకట్టంత సర్దుకునేది. గసొంటి మనిషికి పోయినేడు పక్షవాతం వచ్చింది. చెయ్యి కుదురుకున్నది గని మాట ముద్దముద్దగ వస్తాంది. ఇన్నోళ్లు నవ్వుతరని మాట్లాడుడే బంద్ పెట్టింది. మాట్లాడితెనే మాట తిరిగొస్తది, ఊకుంటే గిట్లనే ఉండిపోతదని దవాఖానల చెప్పిన్రట. నేను మర్రిగూడ నుంచి ఫోన్ చేస్తే ఎత్తుతది, జరసేపు ఊపిరి సప్పుడు ఇనిపిస్తది, పెట్టేస్తది. నాకు కోపమొచ్చేది, కోపం ఎనక ఏడుపొచ్చేది.

గప్పుడే మా కోడలు నా ఫోన్ల లూడో ఎక్కించింది. అక్క కోడలికి చెప్పి ఆడ గూడ ఎక్కిపిచ్చింది. "అత్తమ్మా, మాటలెందుకు, బొటనవేలుంటె చాలు" అన్నది. చిన్నప్పుడు బండ మీద బొగ్గుతోని గీసి, చింతగింజలేసి అష్టాచెమ్మ ఆడినోళ్లం మేం. గిదెంత పని అనుకున్న.

మొదటినాడు పొద్దుగాల్నే తలదువ్వుకోని, పెండ్లికి పోయేదాని లెక్క తయారై కూసున్న. తెర మీద అక్క ఫోటో కనవడ్డది. అగో, వచ్చింది మా అక్క. "ఆరు పడు, జర ఆరు పడు" అని ఫోన్‌ను బతిమాలుకున్న. కోడలు పడిపడి నవ్వింది, గది ఇనది అత్తమ్మా అని. ఇంటదో ఇనదో, నాకైతే ఆరు పడ్డది.

మా అవ్వ పెట్టిన కట్టుబాటు ఒకటుండె. ఆడేటోళ్లల్ల ఎవలికన్న పానం బాగలేకుంటె వాళ్ల కాయను చంపొద్దు, పక్కకెల్లి పోవాలె. నాకు తట్టు పోసినప్పుడు అక్క నా కాయల జోలికి రాలే. నేనే గెలిచిన్నని వాడంత చెప్పుకుంట తిరిగిన. గా బాకీ ఇప్పుడు తీరుస్తున్న అనుకోని నేను గూడ అక్క కాయలను ఇడిసిపెట్టుకుంట ఆడిన. రోజు అక్కనే గెలుస్తాంది. నేను చప్పట్ల బొమ్మ పంపుతున్న. ఆడికెల్లి ఒక పువ్వు బొమ్మన్న రాదు. గెలిచినామెకు గింత సంబురం లేదేందని నాకు ఒకటే గుబులు.

ఒకనాడు నా కాయకు రెండు గడుల ముందట అక్క కాయ నిలవడ్డది. నాకు రెండే పడ్డది. ఎప్పటి తీర్గనే ఇంకో కాయను జరిపిన. అక్క వంతు వచ్చింది. గా కాయను ఆమె కదిలియ్యలే, ఎనక కాయను జరిపింది. మళ్ల వంతుకు గూడ గంతే. కావాల్నని నా ముందట్నే ఉంచింది. ఇదేందబ్బా అని చూస్తుంటె, ఇన్ని రోజులు ముట్టని మైకు బొమ్మ తెర మీద ఎర్రగైంది.

"ఏం... దే... నేను... రోగి... నా?"

కోడలు పిండి చేతులతోని ఉరికొచ్చింది.

"చం... పు... దొంగ... దానా."

ఎన్ని నెలలకు ఇన్న గా గొంతు. ముద్దగ ఉంటేంది, మా అక్క గొంతే గది, నల్లా కాడి గొంతే. ఏడుస్తున్ననో నవ్వుతున్ననో నాకే సమజ్ గాలే. పాచిక వేసిన, ఐదు పడ్డది, ఇంకో కాయను జరిపిన. మళ్ల వంతుకు వేసిన, ఒకటి. ఆమె కాయ కదలదు, నేను ఇడిసిపెట్ట. ఆఖరికి రెండు పడ్డది. కండ్లు తుడుసుకోని, కొట్టిన దెబ్బ. అక్క కాయ గిర్రున తిరిగి ఇంటికి పోయింది.

ఇగ సూడు తిట్లు. నీ మొకం మండ, నీ చేతులిరగ, చిన్నప్పటి సంది నీది గిదే బుద్ధి అని, ఒక్కొక్క మాటను కూడబలుక్కుంట, నడుమ ఆగుకుంట, మళ్ల అందుకుంట తిట్టింది. నా వంతు వచ్చి దాటిపోయింది. నేను ఫోన్ చెవికి ఆనిచ్చుకోని కూసున్న.

"తిట్టక్కా, తిట్టు" అన్న. "నీకింక మూడు కాయలున్నయి."