రాసేవాని చెయ్యి లాగొద్దన్న మా బావ

మీ ఊపిరి ఈ పూట ఆగిపోతే, సగంలో ఉన్న మీ పని ఎవరి చేతికి అందుతుంది? జవాబుందా మీ దగ్గర? మా బావ దగ్గర ఉండింది. పోయిన వారం మదనపల్లెలో తన రిపేరు అంగట్లో, చేతిలో స్క్రూడ్రైవరు ఉండగానే కుర్చీలో ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు.

బావ మా అక్క భర్త. బోరు మోటార్ల స్టార్టర్లతో మొదలుపెట్టి, లోపల లినక్స్ అనే కంప్యూటరు వ్యవస్థ నడిచే చిన్న చిన్న కంట్రోలు పెట్టెలు బాగుచేసేదాకా వచ్చాడు. నేనేమో పుంగనూరు పల్లెల్లో బైబిలు వాక్యం చెప్పుకొని తిరిగేవాణ్ణి. నా ప్రార్థన కూటానికి వచ్చి వెనక వరుసలో కూర్చునేవాడు. అయిపోయాక, "బాగా అరిసినావు బామ్మర్దీ. నీకు మైకు యాల? కరెంటు దండగ" అనేవాడు. కోపం వచ్చేది. నవ్వూ వచ్చేది.

మొన్నీమధ్య కుప్పంలో నా కూటం ఉంటే తనూ వచ్చాడు. అక్కడ పట్టుపురుగులు పెంచే మునెమ్మ షెడ్డులో పెట్టె చెడిపోయింది. షెడ్డులో వేడి, తేమ చూసి ఫ్యాన్లు, నీటి తుంపర నడిపే పెట్టె అది. దాని ప్రాణమంతా గోరంత మెమరీ కార్డులో ఉంటుంది. ఆ కార్డులో ఫైళ్లు పాడై, కరెంటు ఇచ్చినా పెట్టె లేవడం మానేసింది. అంతకుముందు పంటలోనూ ఇలాగే వేడి అదుపు తప్పి సగం పురుగులు పోయాయి.

"ఎన్ని కార్డులు మార్సినా మా షెడ్డులో బతకవన్నా. దిష్టేమో" అంది మునెమ్మ.

"దిష్టి సంగతి మా బామ్మర్ది సూసుకుంటాడు లేమ్మా. ఎప్పుడు సస్తాదో అది సెప్పు."

"పురుగులు జ్వరం లేసినాక. ఒగోసారి పెట్టె లేస్తాది, ఒగోసారి లేయదు."

పురుగు పొర విడిచే ముందు మేత మాని, తల ఎత్తి కదలకుండా ఉంటుంది. దాన్నే జ్వరమంటారు.

"జ్వరమప్పుడు ఏం సేస్తావు?"

"ఫీజు పీకేస్తా. ఫ్యాను సప్పుడుండకూడదు గదా. మా అత్త కాలం నుంచీ జ్వరమప్పుడు షెడ్డులో నోరెత్తి మాట్లాడం."

బావ నవ్వలేదు. ఆమె భక్తిని తప్పు పట్టనూ లేదు. "పురుగుల్ని పండబెట్టినావు, పెట్టెను మాత్రం పడదోసినావమ్మా. అది వేడీ తేమా కార్డు మీద రాసుకుంటా ఉంటాది. రాసేవాని చెయ్యి పట్టి లాగితే గీత యాడ పోతాది? పక్కనున్న మంచి రాత మీద గూడా పోతాది." తన సంచిలోని మామూలు కార్డుతో అప్పటికి పెట్టెను లేపి, ముందు ఏ బటను నొక్కి దాన్ని ఆపాలో, ఆ తర్వాతే ఫీజు ఎలా తీయాలో చూపించాడు.

"కరెంటోళ్లు పీకితేనో?" అంది ఆమె. "ఈ పంట గూడా పోతే మల్బరీ తోట దున్నేయడమే అన్నా."

"నాలుగో జ్వరం, అదే ఆఖరి జ్వరానికి ముందే, కరెంటు పోయినా సావని కార్డు తెస్తా" అన్నాడు బావ.

అంగట్లో ఆ కార్డు తయారు చేస్తుంటే చూశాను. పెట్టె లేవడానికి కావలసిన ఫైళ్లన్నీ ఒకచోట చేర్చి, వాటి మీద ఏ రాతా పడకుండా కట్టడి చేశాడు. రోజువారీ రాతకు వేరే చోటిచ్చాడు. ఆ తర్వాత పెట్టె రాస్తుండగానే వైరు పీకడం, పెట్టి చూడడం. మళ్లీ పీకడం. "యాల చంపుతాండావు బావా దాన్ని?" అన్నాను. "నేను పీకినప్పుడు లేస్తేనే, నేను లేనప్పుడు లేస్తాది" అన్నాడు. బంగారాన్ని అగ్నితో పరీక్షిస్తారని ఎన్ని ఊళ్లలో గొంతు చించుకున్నానో! ఆ పరీక్ష ఎలా ఉంటుందో ఆ బల్ల దగ్గరే కళ్లారా చూశాను.

కార్డు చేర్చకముందే పోయాడు. మునెమ్మ వచ్చి ఏడ్చింది కానీ, కార్డు మాట ఎత్తలేదు. మా అక్కే లేచి కార్డు తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆయమ్మ పురుగులు మన ఏడుపు అయ్యేదాకా ఆగుతాయా? పో."

"నాకేం తెలుసు అక్కా?"

"పాతది తీసేది, ఇది పెట్టేది. ఎవురైనా పెట్టే మాదిరి సేసినానని నాకు సెప్పినాడు."

కుప్పం పోయి కార్డు మార్చాను. పెట్టె లేచింది. బావలాగే వైరు పీకాను. "ఏం సేస్తాండావప్పా!" అని మునెమ్మ అరిచింది. మళ్లీ పెట్టాను. కాసేపు ఏమీ లేదు. ఆ కాసేపట్లో నేను చేసిన ప్రార్థన ఏ కూటంలోనూ చేయలేదు. తర్వాత ఫ్యాను తిరిగింది.

నిన్న మునెమ్మ ఫోను చేసింది. "జ్వరంలో కరెంటు పోయిందప్పా. మళ్లా రాంగానే పెట్టె లేసింది, పురుగులూ లేసినాయి, ఇను" అని ఫోను పురుగుల తట్టల దగ్గర పెట్టింది. ఆకు మీద సన్నవాన పడుతున్నట్టు వేల నోళ్లు మేస్తున్న చప్పుడు.

ఇది చదివి తల ఊపి కూర్చోకండి. మీ తర్వాత మీ పని చేయవలసిన మనిషి ఎవరో మీకు తెలుసు. లేవండి. ఈ రోజే, పొద్దు గుంకకముందే, ఆ మనిషిని పిలిచి ఆ పని మీ కళ్ల ముందే ఒకసారి చేయించండి.