ఎయిర్‌లాక్‌లో నాలుగు నిమిషాలు

భూపాలపల్లి బొగ్గు గనుల రెస్క్యూ స్టేషన్‌లో ఇన్‌స్ట్రక్టర్‌గా రిటైరైన మరుసటి ఏడాది, ఏప్రిల్ రెండో వారంలో, నేను అంగారక గ్రహం మీద డ్యూటీలో చేరాను. ఆ గ్రహం మహబూబాబాద్ జిల్లాలో, గార్లకు పోయే దారి పక్కన, రాయి తీయడం ఆపేసిన ఒక గ్రానైట్ క్వారీలో ఉండేది. చదివేవాళ్లు నవ్వుకోవచ్చు. మొదట్లో నేనూ నవ్వుకున్నాను. ఇప్పుడు ఆ మాటెత్తితే ఒళ్లు మండుతుంది.

మనుషుల్ని ఇతర గ్రహాలకు పంపే ముందు భూమి మీదే అలాంటి చోటు ఒకటి కట్టి, కొందరిని అందులో పెట్టి, ఎలా బతుకుతారో, ఎలా పనిచేస్తారో చూస్తారు. దీన్ని అనలాగ్ మిషన్ అంటారు. లోపల ఉండేవాళ్లు క్రూ. అందరూ వాలంటీర్లే. ఒక ప్రైవేటు సంస్థ జనగామలోని ఫంక్షన్ హాల్లో ఇంటర్వ్యూలు పెట్టి మా ముగ్గురిని తీసుకుంది. కమాండర్ కిరణ్ హైదరాబాదులో ఇంజినీరు. లలిత జనగామలో జూనియర్ కాలేజీ లెక్చరర్, పుట్టింది దంతాలపల్లిలో, వ్యవసాయ కుటుంబం. మొదటి రోజు నన్ను సార్ అంది, మూడో రోజుకల్లా బాపు అంది. నేను సేఫ్టీ ఆఫీసర్ని. ఆ హోదా సంగతి గుర్తుపెట్టుకోండి, సిగ్గుపడాల్సింది దానికే.

అంగారకుడి మీద ఎముకలు కొరికే చలి. దాన్ని నటించడానికి వీళ్లు ఎంచుకున్నది ఏప్రిల్ నెల, గ్రానైట్ క్వారీ. వేసవి సెలవులైతేనే లెక్చరర్లు దొరుకుతారట. ఈ తెలివి ఆ సంస్థ డైరెక్టర్‌ది. ఆయన క్వారీ గట్టు మీద కూలర్ పెట్టిన టెంట్‌లో ఉండేవాడు. క్వారీ అడుగున మేముండే ప్లైవుడ్ ఇంటి కిటికీలోంచి ఆ టెంట్ కనిపించేది. అయినా మేము రేడియోలో పిలిస్తే ఎనిమిది నిమిషాల తర్వాతే ఆయనకు వినబడేలా కంప్యూటర్‌లో ఏర్పాటు చేశారు, అంగారకుడు అంత దూరమని.

నియమాలు చాలా ఉండేవి. అన్నిటికన్నా పెద్దది, నాటకాన్ని చెడగొట్టకూడదన్నది. చెడగొడితే దాన్ని సిమ్ బ్రేక్ అనేవాళ్లు. బయటికి పోయేటప్పుడు రబ్బరు పూత గుడ్డతో కుట్టిన సూటు, గాజులాంటి ప్లాస్టిక్ హెల్మెట్ వేసుకోవాలి. లోపలికి గాలి కొట్టడానికి వీపు మీద రెండు ఫ్యాన్లు. తిరిగొచ్చాక ఎయిర్‌లాక్ అనే రెండు తలుపుల ప్లైవుడ్ గదిలో పది నిమిషాలు ఆగాలి. గాలి పీడనం సరిపోయేదాకా అని లెక్క. ఎర్ర బల్బు పోయి పచ్చ బల్బు వెలిగితేనే హెల్మెట్ తీయాలి.

ఈ నియమం నాకు కొత్తగా అనిపించలేదు, చిక్కంతా అక్కడే వచ్చింది. గనిలో మంటలు లేచాక విషవాయువు నిండిన గ్యాలరీల్లోకి, అంటే సొరంగాల్లోకి, రెస్క్యూ టీమ్ పోతుంది. వీపున ఆక్సిజన్ పెట్టె, నోట్లో మౌత్‌పీస్, ముక్కుకు క్లిప్పు. మంచి గాలి ఉన్న చోటును ఫ్రెష్ ఎయిర్ బేస్ అంటాం. అక్కడికి చేరి కెప్టెన్ సైగ చేసేదాకా మౌత్‌పీస్ తీయకూడదు. ఒక్క పీల్పు చాలు, మనిషి పోతాడు. భయపడ్డవాడి చేయి ముందు మౌత్‌పీస్ మీదికే పోతుంది. అప్పుడు పక్కవాడు ఆ చేతులు పట్టుకోవాలి, వాడు ఎంత గింజుకున్నా వదలకూడదు. ఇరవై ఎనిమిదేళ్లు నేను నేర్పింది ఇదే.

ఆరో రోజు పొద్దున పదకొండు గంటలకు నేనూ లలితా రాళ్ల నమూనాలకు బయల్దేరాం. అరగంట దాటాక ఆమె అడుగు తడబడింది. చూస్తే వీపు మీద ఫ్యాన్లు రెండూ ఆగిపోయి ఉన్నాయి. వెనక్కి వస్తున్నామని కిరణ్‌కు చెప్పి, ఆమెను పట్టుకుని నడిపించి, ఎయిర్‌లాక్‌లోకి తెచ్చి తలుపు వేశాను. కిరణ్ లోపలినుంచి టైమర్ నొక్కాడు. ఎర్ర బల్బు వెలిగింది.

లలిత గోడకానుకొని కిందికి జారి కూర్చుంది. హెల్మెట్ లోపల ముఖం ఎర్రగా కంది ఉంది, చెమట చుక్క లేదు. రేడియోలో ఆమె గొంతు వినిపించింది.

"బాపూ, జర గిది తియ్యి. ఊపిరి ఆడ్తలేదు."

"ఆగు బిడ్డా. ఇంక టైం కాలే," అన్నాను.

ఆమె రెండు చేతులూ మెడ దగ్గరి క్లిప్పు మీదికి పోయాయి. నేను ఆ రెండు చేతులూ పట్టుకున్నాను. గింజుకుంది. వదల్లేదు. కాసేపటికి గింజుకోవడం మానేసింది. భయం తగ్గింది, దారికొచ్చింది అనుకున్నాను. నా ట్రైనింగ్ పనిచేసిందని లోలోపల తృప్తి కూడా పడ్డాను. ఈ ముక్క రాయడానికి నాకు మనసొప్పడం లేదు, కానీ రాయాలి.

నాలుగో నిమిషంలో ఆమె మళ్లీ మాట్లాడింది. "అవ్వా, బర్రెకు నీళ్లు పెట్టినవా?"

ఆ మాటతో నాకు తెలివొచ్చింది. అక్కడ అవ్వ లేదు, బర్రె లేదు. విషవాయువు కూడా లేదు. బయటి తలుపు కింద రెండు వేళ్ల సందు, అందులోంచి వడగాలి కొడుతోంది. ఆమె హెల్మెట్ పీకి పారేసి లోపలి తలుపు తన్నాను.

"సార్, ఇంకా ఆరు నిమిషాలుంది. సిమ్ బ్రేక్ అయితది," అన్నాడు కిరణ్ లోపలినుంచి. నేనన్న మాట అచ్చులో పెట్టలేను.

సూటు కోసేసి, తాగునీటి డ్రమ్ము మొత్తం ఆమె మీద కుమ్మరించి, సంస్థ జీపులోనే మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మ మమ్మల్ని వాయించింది. "గీ ఎండల గీ గుడ్డలేసుకొని ఏం ఆటలాడుతున్నరు మీరు? ఇంకో పది నిమిషాలైతే నా దగ్గరికి తేవాల్సిన పనే లేకుండె." లలితకు మూడో రోజుకు గాని లేచి కూర్చునే ఓపిక రాలేదు.

మరునాడే డైరెక్టర్ టైపు చేసిన రిపోర్టు తెచ్చాడు. అందులో ఫ్యాన్లు లేవు, ఎండ లేదు. అనుకున్న ప్రకారం వైద్య అత్యవసర విన్యాసం జరిగిందని, క్రూ చక్కగా స్పందించిందని ఉంది. నన్ను సంతకం పెట్టమన్నాడు. గనిలో పనిని కనిపెట్టుకుని ఉండే ఓవర్‌మన్ షిఫ్టు దిగి ఇంటికి పోయేముందు తాను చూసింది తన చేత్తో పుస్తకంలో రాసి సంతకం చేస్తాడు, దాన్ని ఎవరూ కొట్టివేయడానికి లేదు. నేను వేరే కాగితం తీసుకుని అలాగే రాశాను. ఫ్యాన్లు ఆగిన సంగతి, టైమర్ సంగతి, చివర్లో ఇంకో వాక్యం: ఆమె హెల్మెట్ తీయబోతే నాలుగు నిమిషాలు నేనే చేతులు పట్టుకుని ఆపాను.

డైరెక్టర్ అది చదివి మెల్లగా అన్నాడు. "సార్, మీ మీద మీరే రాసుకుంటున్నరు. మీ పేరు బయటికి రాకుండ నేను చూసుకుంట గద."

ఆ మర్యాద చూసి నాకు ఒళ్లంతా కారం రాసినట్టయింది. నా తప్పు దాస్తానంటున్నాడు, తన తప్పు నేను దాయాలని. అతని కాగితం అతనికే విసిరేశాను. నా కాగితం లేకుండానే ఆ రిపోర్టు పైకి పోయింది. లలిత లేచి కూర్చున్న రోజు దవాఖానలో నా కాగితం నకలు ఆమె చేతిలో పెట్టాను.

ఆమె మంచం మీద కూర్చొని మొత్తం చదివింది. చివరి వాక్యం రెండోసారి చదివింది.

"మీరు నా చేతులు పట్టుకున్నది నాకు యాదికున్నది బాపూ," అంది. "మీరే మర్చిపోయినట్టు చేస్తరేమో అనుకున్న."

కాగితం మడిచి దిండు కింద పెట్టుకుంది. నన్ను తిట్టలేదు, ఊరడించలేదు.

ఈ ఉదంతం నాకు నేర్పింది ఇంతే. ప్రతి నియమమూ ఏదో ఒక ప్రమాదం కోసం పుడుతుంది. దాన్ని ఒక మనిషి మీద అమలు చేసేముందు ఆ ప్రమాదం అక్కడ ఉందా లేదా అని చూడాలి. డైరెక్టర్‌కు ఆ సంగతి తెలియదు, కిరణ్‌కు తెలియదు. వాళ్లు గాలి లేని చోట ఎన్నడూ నిలబడలేదు. నేను నిలబడ్డాను. విషవాయువు ఎక్కడుందో, మంచి గాలి ఎక్కడుందో చెప్పడమే ఇరవై ఎనిమిదేళ్లు నా ఉద్యోగం. ఆ గదిలో నేను చూసుకోలేదు.