కుడి మూల పొగమంచు

ఈ రాసేదాంట్లో ప్రతి అక్షరమూ నిజమని తల మీద చెయ్యి పెట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. నన్నెరిగినవాళ్ళు ఇక్కడే నవ్వుతారని తెలుసు. ఖాజాగూడ చెరువులో మొసలిపిల్లను చూశానని చెప్పి, మా ఆఫీసులో ఒక టీము మొత్తం చేత అటువైపు పొద్దుటి నడక మాన్పించినవాణ్ణి. అది వేరు, ఇది వేరు.

నాకు కంప్యూటర్లో కారు రేసులాడే పిచ్చి ఉంది. కొండాపూర్‌లో మా ఫ్లాటు చిన్నగదిలో పాత ఇస్త్రీబల్లకు స్టీరింగు బిగించి, పెడల్స్ జారకుండా వెనక బియ్యం బస్తా అడ్డం పెట్టి, ఆదివారాలు అక్కడే గడిపేవాణ్ణి. ఆట పాతది, బొమ్మలు వెలవెలబోయేవి. ఆఫీసులో నా పక్క సీటాయన, కోస్తా మనిషి, మాడ్స్ సంగతి చెప్పాడు. ఆట తయారుచేసినవాళ్ళు కాక, దానిమీద మోజున్నవాళ్ళు రాసి అతికించే ముక్కలు అవి.

"వాన మాడ్ వేసి చూడండి. రేపట్నుంచి గదిలో గొడుగేసుకుని కూర్చుంటారండి" అన్నాడు.

అన్నంత పనీ అయింది. చినుకు అద్దం మీద పడి, వేగం పెరిగేకొద్దీ పక్కకు పాకేది. తడి తారు మీద ముందు కారు ఎర్రదీపాలు సాగి మెరిసేవి. మొదటిరోజు నాకు జలుబు కూడా చేసింది. మబ్బులకొకటి, నీడలకొకటి, గడ్డికొకటి, సాయంత్రపు ఎండకొకటి, అలా ఎనిమిది మాడ్స్ ఎక్కించాను.

"బయటి వానకు బాల్కనీల బట్టలు తడుస్తుంటే లేవవు. గీ లేని వానకు వైపర్లు వేసుకుంటవ్" అనేది మా ఆవిడ.

కొన్నాళ్ళకు తెరమీద కుడివైపు కింది మూలలో పొగమంచు కమ్మింది. ఎండ పెట్టినా పోదు. ఆ మంచులోంచి కార్లు దూసుకొచ్చి నన్ను గుద్దేవి. ఏ రెండు మాడ్స్‌కో పొత్తు కుదరలేదనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడమే నా ఉద్యోగం, దానికో పద్ధతుంది: ఒక్కొక్కటీ తీసేస్తూ చూడాలి. రోజుకొకటి తీశాను. మబ్బులు పోయాయి. నీడలు పోయాయి. చెట్లు అట్టముక్కలయ్యాయి. ఎనిమిదో రోజుకు ఆట ఎప్పటి బీదరూపానికి వచ్చింది. మంచు మాత్రం అక్కడే ఉంది.

తెరను ఫొటో తీసి పక్క సీటాయనకు చూపించాను. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో మంచేం లేదండి. మీ కుడిపక్క ఎర్రకారుంది కదండీ."

నాకే టోకరా వేస్తున్నాడనుకున్నాను. ఇంటికెళ్ళి ఆట ఆపి ఉంచి, మా ఆవిణ్ణి పిలిచాను.

"జర ఇటు చూడు. ఈ మూలకు పొగ ఉన్నదా?"

"పొగేంది? ఎర్రకారున్నది. నిన్ను గుద్దేటట్టున్నది."

తల తిప్పి సూటిగా చూశాను. కారు ఉంది. మళ్ళీ రోడ్డు మధ్యకు చూశాను. కారు లేదు, మంచు ఉంది. రెండోసారి తల తిప్పడానికి భయమేసింది.

మర్నాడు ఆఫీసు పని మధ్యలో లేచి కళ్ళ దవాఖానకు ఒక్కణ్ణే వెళ్ళాను. తెల్లటి గిన్నెలాంటి యంత్రంలో మొహం పెట్టించి, చేతికో బటన్ ఇచ్చారు. ఎక్కడ చుక్క వెలిగితే అప్పుడు నొక్కాలి. ఇంతకన్నా బీద గ్రాఫిక్స్ ఉన్న ఆట నేనెక్కడా ఆడలేదు. చాలాసేపు ఏమీ వెలగలేదు. ఓడిపోతున్నానని అర్థమై, లయ పట్టుకుని అందాజాగా నొక్కడం మొదలుపెట్టాను.

"సార్, లైటు రాకున్నా నొక్కుతున్నరు. మిషన్ పట్టేస్తది" అంది పరీక్ష చేసే అమ్మాయి. "ఇగ మళ్ళ మొదటికెళ్ళి చేద్దాం."

నీటికాసులు అన్నారు. కంట్లో ఒత్తిడి పెరిగి, అంచుల్నుంచి చూపు చప్పుడు లేకుండా పోతుందట. పోయింది తిరిగి రాదు, ఉన్నది మాత్రం చుక్కలమందుతో నిలుస్తుంది, కారు నడపకండి, అంది డాక్టరమ్మ.

"నిలుస్తదన్నదా?" అని అడిగింది మా ఆవిడ.

"నిలుస్తదన్నది."

"అయితే ఫికర్ లేదు. కారు నేను నేర్చుకుంట తీ."

నేర్చుకుంటోంది. పక్కన కూర్చుని, ఆమె ఎప్పుడో చూసేసిన ఆటోలకు నేను ఉలిక్కిపడుతుంటాను. "ఊకె నేలను తన్నకు" అంటుంది.

ఎనిమిది మాడ్స్ మళ్ళీ ఎక్కించాను. మంచు ఇప్పుడు మూలలో ఆగడం లేదు, రోడ్డు కుడి అంచును తినేసింది. రేసులు మానేశాను. ఖాళీ ట్రాక్ మీద వాన పెట్టుకుని, కారు కదపకుండా, అద్దం మీద చినుకుల్ని చూస్తూ కూర్చుంటాను. ఇన్ని రకాల మెరుపులు వేసుకుని ఏం లాభమో నాకే తెలియదు. కనబడ్డన్నాళ్ళు కనబడతాయి.

ప్రమాణం చేశాను కాబట్టి ఒప్పుకోవాలి. జలుబు అబద్ధమని ఎవరైనా పట్టేస్తారు. నేను నిజంగా కల్పించింది వేరే ఉంది. ఉన్న చూపు నిలుస్తుందని డాక్టరమ్మ అనలేదు. ఆలస్యంగా వచ్చారు, రెండు కళ్ళలోనూ మధ్యకు పాకుతోంది, ఆపరేషన్ గురించి మాట్లాడాలి, ఇంట్లోవాళ్ళను తీసుకురండి, అంది. నేను తీసుకెళ్ళలేదు. నేను రాసినవాటిని అందరికన్నా ముందు చదివేది మా ఆవిడే. ఎదురుగా చెప్పడానికి నోరు రాక, ఆమె చదువుతుందని ఇక్కడ రాస్తున్నాను.