గెలిచిన పందెం మీద ఐదు పైసలు

పోలయ్య వెయ్యి రూపాయలు గెలిచాడని నేను చెప్పిన మాట నిజం. అదే పూట, అదే బల్ల మీద, ఆ వెయ్యీ అతను పోగొట్టుకున్నాడన్న మాట మాత్రం చెప్పలేదు. ఎవరైనా అడిగి ఉంటే చెప్పేవాణ్ణని చాలాకాలం నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. అడిగారు.

1961లో కావలి రైల్వే స్టేషనుకు దగ్గరలో ఒక మేడ మీద పేకాట క్లబ్బు ఉండేది. నేను అందులో డీలర్‌ని, అంటే ముక్కలు పంచేవాణ్ణి. యజమాని నాయుడుగారు రంగూనులో చాలాకాలం ఉండి వచ్చిన మనిషి. అక్కడ నేర్చిన బకారా అనే ఆటను వెంట తెచ్చుకున్నారు. రమ్మీకి అలవాటు పడినవాళ్ళు మొదట నవ్వారు. కొన్నాళ్ళకు రమ్మీ బల్లలు ఖాళీ అయ్యాయి. మద్రాసు బండి కోసం పడిగాపులు పడే పొగాకు వ్యాపారులు, అభ్రకం కాంట్రాక్టర్లు, వడ్లమ్మిన రైతులు మా మెట్లెక్కేవారు.

ఈ ఆటకు తెలివి అక్కర్లేదు. బల్ల మీద రెండు వైపులుంటాయి. ఒకటి ప్లేయర్, ఒకటి బ్యాంకర్. అవి వైపుల పేర్లే, మనుషులు కాదు. ఎవరైనా ఏ వైపైనా కాయవచ్చు. రెండు వైపులా రెండేసి ముక్కలు వేస్తాం, ఒక్కోసారి మూడోది కూడా పడుతుంది. ముక్కలన్నీ కూడి పదులు వదిలేస్తే మిగిలే అంకె ఏ వైపుది తొమ్మిదికి దగ్గరగా ఉంటే ఆ వైపుది గెలుపు. బ్యాంకర్ వైపు మూడో ముక్క ఆఖరున, అవతల ఏం పడిందో తెలిశాక తీస్తారు. అందువల్ల బ్యాంకర్ కాస్త ఎక్కువసార్లు గెలుస్తుంది. ఆ కాస్తను క్లబ్బు ఆటగాడికి వదలదు. బ్యాంకర్ మీద కాసి గెలిస్తే, ఆ గెలుపులో రూపాయికి ఐదు నయాపైసలు కమీషన్. ప్లేయర్ మీద గెలిస్తే ఏమీ లేదు.

గెలిచిన ప్రతిసారీ చిల్లర కోసుకుంటూ కూర్చుంటే ఆట నడవదు. అందుకని గెలిచినవాడికి మొత్తం ఇచ్చేసి, ఎంత కమీషన్ రావాలో అన్ని ఎర్ర బొత్తాలు నా ముందున్న చెక్క తట్టలో అతనికి కేటాయించిన గుంటలో వేసేవాణ్ణి. ముక్కలుండే పెట్టెను షూ అంటారు. షూ ఖాళీ అయ్యాక బొత్తాలు లెక్కపెట్టి కమీషన్ ఒకేసారి వసూలు చేసేవాళ్ళం. తట్ట బల్ల అంచు కింద నా వైపు ఉండేది. దాచిపెట్టామని అనలేను. లేచి నిలబడితే ఎవరికైనా కనిపిస్తుంది. కానీ ఆటలో ఉన్నవాడు లేచి నిలబడడు.

పోలయ్యది జువ్వలదిన్నె కుప్పం, అంటే జాలర్ల పల్లె. సముద్రం మీద వేటకు పోయే మనిషి. నూలు వలలు పోయి నైలాను వలలు వస్తున్న రోజులవి. తనతో కలిపి నలుగురు వాటాదార్లు పోగుచేసిన ఆరు వందలు నడుముకు కట్టుకుని, మద్రాసులో నైలాను దారం కొనడానికి బయల్దేరాడు. బండి ఆలస్యమైంది. మేడ మీద ఫ్యాను తిరుగుతుంటే చూసి ఎక్కానని చెప్పాడు. నేను నమ్ముతాను.

కాసేపు నిలబడి చూశాడు.

"ఏందన్నా, రాజుకీ రాణికీ సున్నానా?"

"ఈ ఆటలో అంతే."

"మా కుప్పంలో గూడా పెద్దమనుషుల విలువ అంతేలే" అని నవ్వి, కుర్చీ లాక్కున్నాడు. కూర్చోబోతూ అడిగాడు. "మరి మీ కూలి ఎట్టా?"

"బ్యాంకర్ మీద గెలిస్తే రూపాయికి ఐదు పైసలు. ఓడితే మేమేమీ అడగం."

"గెలిచినోడి దగ్గరే గదా. న్యాయమే."

ఈ మాట మీద అతను కూర్చున్నాడు. నేను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. ప్రతి గెలుపునూ విడిగా లెక్కిస్తామని, మధ్యలో ఓడినవాటిని అందులోంచి తగ్గించబోమని చెప్పలేదు. చెప్పకపోవడం మా పనిలో భాగం.

బ్యాంకర్ ఎక్కువ పడుతోందని అతను త్వరగానే పసిగట్టాడు. ఇక దాన్ని వదల్లేదు. పాతిక చొప్పున కాశాడు. గెలిచాడు, ఓడాడు, మళ్ళీ గెలిచాడు. గెలిచినప్పుడల్లా నా చెయ్యి తట్టలోకి పోయేది. షూ అయిపోయేసరికి డబ్బు ఎంచుకుని గట్టిగా ఊపిరి వదిలాడు.

"తెచ్చింది తెచ్చినట్టే ఉండాది. ఇంక చాలు, పోతా."

"యాభై కట్టిపో పోలయ్యా" అన్నాను.

"ఏంటికి? నేను గెలవలేదు గదా."

"గెలిచిన పందేలకు."

"ఓడినవి ఓడలేదా?"

"వాటికి మేమడగడం లేదు."

నా ముఖం కేసి చూశాడు. అరవలేదు. యాభై తీసి బల్ల మీద పెట్టి దిగిపోయాడు. అదే రైలెక్కి, మిగిలిన దానికి వచ్చినంత దారం కొనుక్కుని ఊరికి పోయాడు.

దారం తగ్గింది. వాటాదార్లు అడిగారు. పోలయ్య ఉన్నదున్నట్టు చెప్పాడు: పేకాడాను, గెలవలేదు, ఓడలేదు, యాభై కూలి తీసుకున్నారు. ఓడిపోయానని అబద్ధం చెప్పి ఉంటే నాలుగు తిట్లు తిని బయటపడేవాడు. నిజం ఎవరికీ ఎక్కలేదు. అందరికంటే గట్టిగా పట్టుకున్నవాడు అతని బావమరిది కోటయ్య. వారం తిరక్కముందే పోలయ్యను, మిగతా ఇద్దరు వాటాదార్లను వెంటబెట్టుకుని మేడ మీదికి వచ్చాడు.

"మీరు గెలిచినోళ్ళ దగ్గరే తీసుకుంటారంట గదా?" అని నన్నడిగాడు.

"అవును."

"నూటికి ఐదు. యాభై కట్టినాడంటే వెయ్యి గెలిచుండాల. గెలిచినాడా?"

నాయుడుగారు పక్కనే పడక కుర్చీలో ఉన్నారు. ఓడినవాడి దగ్గరా కమీషన్ లాగుతామని నలుగురికీ తెలిస్తే మర్నాడు ఆ మెట్లెవరూ ఎక్కరు. నా జీతం ఆ మెట్ల మీదుగానే రావాలి.

"గెలిచినాడు" అన్నాను.

"మిగతాది గూడా చెప్పన్నా" అన్నాడు పోలయ్య, మెల్లగా.

"ఏంది మిగతాది? ఏమన్నా మిగిలుంటే నాతో చెప్పి పోండి" అన్నారు నాయుడుగారు, పేపరు మడుస్తూ.

నేను తలొంచుకుని ముక్కలు కలపడం మొదలుపెట్టాను.

కోటయ్య బావ భుజం మీద చెయ్యేశాడు. "మా వల సొమ్ముతో ఆడి, వెయ్యి కొట్టి, మాకు యాభై తక్కువ తెస్తావా బావా? ఎంత గుండెరా నీది."

తర్వాత ఏమైందో ఎనిమిదేళ్ళకు గానీ నాకు తెలియలేదు. ఈలోపు క్లబ్బు మూతపడింది, నాయుడుగారు ఎటో పోయారు, నేను అల్లూరులో ఒక రైసుమిల్లులో గుమాస్తాగా చేరాను. ఒకరోజు బియ్యానికి వచ్చిన కోటయ్య నన్ను గుర్తుపట్టలేదు. కాటా దగ్గర ఎవరితోనో అంటున్నాడు. "సొమ్ము దాచే పని వెయ్యి పోలయ్యను అడగాల. దాచడంలో వాడి తర్వాతే ఎవరైనా." అందరూ నవ్వారు.

కదిపితే అంతా చెప్పాడు. కుప్పం పెద్దలు దురాయి వేశారు. అంటే అందరూ కట్టుబడాల్సిన తీర్పు. వెయ్యి బయటపెట్టేదాకా పోలయ్యకు ఏ వలలోనూ వాటా ఉండకూడదు. లేని వెయ్యి ఎక్కణ్ణుంచి తెస్తాడు? అప్పట్నుంచీ ఊళ్ళోవాళ్ళ పడవల్లో కూలికి పోతున్నాడు.

పేకబల్ల వెనక ఉన్న ఏళ్ళలో నేను నేర్చుకున్నదేమిటని ఎవరైనా అడిగితే, ఆ కమీషన్ గెలిచినవాడి మీద వేసింది కాదని చెబుతాను. కూర్చున్నవాడి మీద వేసింది. ఎంతసేపు కూర్చుంటే అంత. గెలుపు అన్నది మేం దానికి పెట్టిన పేరు.

ఆ ఆదివారమే జువ్వలదిన్నె వెళ్ళాను. పోలయ్య ఇసుకలో కూర్చుని వేరేవాళ్ళ వల బాగుచేస్తున్నాడు. నేనెవరో చెప్పనక్కర్లేకపోయింది. కోటయ్యను పిలిపించమన్నాను. వచ్చాక అతని ముందు ఇసుకలో కొన్ని ఆలిచిప్పలు పోసి, ముక్కలకు బదులు పైసా ఎగరేస్తూ బకారా మాదిరే ఆడించాను. అతను గెలిస్తే ఒక చిప్ప ఇచ్చాను, ఓడితే ఒకటి తీసుకున్నాను. గెలిచినప్పుడల్లా ఒక చిన్న గవ్వ నా వైపు పెట్టుకున్నాను. అతని చిప్పలు మొదట ఎన్నున్నాయో మళ్ళీ అన్నే అయ్యాక ఆపాను.

"ఆ గవ్వలేంది?" అన్నాడు కోటయ్య.

"నువ్వు నాకు కట్టాల్సినవి."

"నేనేం గెలవలేదే."

"ఆ రోజు పోలయ్య కూడా అంతే."

కోటయ్య గవ్వలు ఒక్కొక్కటే లెక్కపెట్టాడు. బావ వైపు చూడలేకపోయాడు.

పోలయ్య చేతిలో పని ఆపలేదు. "నా పెండ్లాం పోయి రెండేండ్లయిందన్నా. మంచంలో ఉండి గూడా అడిగింది, ఆ వెయ్యి ఏ ముండకి పెట్టినావని. ఈ చిప్పలు అప్పుడు తెచ్చుంటే సరిపొయ్యేది."

చెప్పాల్సిన మాట ఒక్కటే మిగిలింది. కోటయ్యకు, చుట్టూ చేరిన జనానికి వినబడేట్టు చెప్పాను. "ఆ వెయ్యి నువ్వు దాచలేదు పోలయ్యా. నా కళ్ళముందే, ఆ బల్ల మీదే ఓడిపోయినావు. నాకు తెలుసు. నన్నడిగినప్పుడు తలొంచుకున్నా. తప్పు నాది. నన్ను మన్నించు."