కాచిన నీళ్ళు

"మా ఇంట్లో అన్నీ రాగి గొట్టాలే," అని బేస్‌మెంట్ మెట్లకి అడ్డం నిలబడ్డాడు దివాకర్. "రాగైతే సారీ చెప్పి వెళ్తా అంకుల్," అంటూ, తాగేనీళ్ళలో విషం దింపే సీసపు గొట్టాల్ని ఇంటింటా వెతికే సిటీ ఉద్యోగి రేణు కిందకి దిగి, తాళంచెవితో గొట్టాన్ని గీకింది. "రాగి ఇంత తెల్లగా ఉంటుందా?" తమాషా చూడ్డానికొచ్చిన పక్కింటి మల్లేశ్వరమ్మ పడీపడీ నవ్వింది.

మర్నాడు ఆవిడ గొట్టమూ సీసమేనని తేలింది. బూట్లు గుమ్మం బయటే విప్పి, మట్టి మోకాళ్ళతో కూర్చున్న రేణుతో ఆవిడ ధీమాగా, "మునిమనవరాలి పాలపొడిలోకి నీళ్ళు సగమయ్యేదాకా కాస్తానే! సీసం బతుకుతుందా?" అంది. "కాస్తే పోదు బామ్మా, ఇంకా చిక్కబడుతుంది. పాపకి ఈరోజే బ్లడ్ టెస్ట్ చేయించండి." మూడో క్లాసు చదువుతో వీధిలోని ముసలమ్మలందరికీ కాచడం నేర్పిన మహాపండితురాలు పొయ్యి కట్టేసి కూలబడింది. రేణు ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఆ బామ్మలెవరూ నా మాట నమ్మట్లేదు. నాతో వచ్చి, 'కాచమని తప్పు చెప్పాను' అని మీరే చెప్పండి బామ్మా," అంది.