మా అల్లుడి షీటు

మా అల్లుడు నీళ్ళ మోటార్లు తయారుచేసే కంపెనీలో ఫైనాన్స్ పని చేస్తాడు. వచ్చే ఏడు ఎన్ని మోటార్లు అమ్ముడుపోతాయో, ఎంత మిగులుతుందో ముందే అంచనా కట్టి చెప్పడం ఆయన ఉద్యోగం. రేపు ఇంట్లో ఎవరు ఎన్నింటికి లేస్తారో చెప్పలేడు గానీ, వచ్చే ఏడాది చివరికి మోటార్ల సంగతి పైసలతో సహా చెబుతాడు.

ఆయన పనిముట్లు ఆయనవే. మౌస్ అంటే గిట్టదు. మౌస్ పట్టుకునేవాడు ఫైనాన్స్ మనిషే కాదట. అన్నీ మీటల మీదే నడవాలి. కీబోర్డులో పై వరసలో ఎఫ్ వన్ అనే మీట ఒకటి ఉంటుంది. పక్క మీట నొక్కబోయి దాన్ని నొక్కితే, సాయం కావాలా అని ఏదో తెరుచుకుంటుందట. అదాయనకి అవమానం. ఒకరోజు నా టీ చెంచా తీసుకెళ్ళి దాని కాడతో ఆ మీటని పెకలించి పారేశాడు. చెంచా వంకరపోయింది. ఎందుకలా చేశారు బాబూ అంటే, మా లైన్లో అందరూ ఇంతే అత్తయ్యా అన్నాడు. ఆ బోసినోటి కీబోర్డుని పసిపిల్లలా తువ్వాలులో చుట్టుకుని ఆఫీసుకి మోసుకెళ్ళేవాడు.

అన్నిటికన్నా ప్రాణం కంప్యూటర్లో ఆయన కట్టుకున్న లెక్కల షీటు. పదకొండేళ్ళుగా పెంచాడు దాన్ని. మనిషి చేత్తో వేసిన అంకె నీలం, అది లెక్కగట్టిన అంకె నలుపు. ఇంకెవరూ దాన్ని ముట్టుకోకుండా తాళం. ఇంట్లో సరుకులకీ అలాంటిదే ఒకటి చేసి మా అమ్మాయి నెత్తిన పెట్టాడు. వాడిన ప్రతి టమాటా ఎక్కించాలి. ఓ వారం మా అమ్మాయి ఒళ్ళు బాగాలేక ఎక్కించలేదు. ఫ్రిజ్‌లో ఒక్క టమాటా లేదు, షీటులో మాత్రం రెండు కిలోలున్నాయి. మన మహానుభావుడు షీటునే నమ్మి బజారు నుంచి ఉత్తచేతులతో వచ్చాడు.

ఇంతలో కంపెనీ వాళ్ళు కొత్త సాఫ్ట్‌వేర్ కొన్నారు. అందరూ ఒకేచోట అంకెలు వేయొచ్చు, ఎవరు ఏం మార్చారో అందరికీ కనిపిస్తుంది. మా వాడు దాన్ని ఆటబొమ్మ అన్నాడు. వాళ్ళ డిపార్టుమెంటు హెడ్డు ఆ నెలలోనే రిటైరవుతున్నాడు. ఆ స్థానం కోసమే మా అల్లుడు పదకొండేళ్ళుగా కాచుకుని కూర్చున్నాడు. పోటీకి ఉన్నది ఒక్కతే, రెండేళ్ళ కిందట చేరిన ఓ పిల్ల. ఆ పిల్ల కొత్త సాఫ్ట్‌వేర్ నెలలో నేర్చేసుకుంది. పైగా మౌస్ వాడుతుందని మా వాడు భోజనాల దగ్గర కూడా నవ్వేవాడు. కంపెనీ పెద్దాయన మాత్రం, వచ్చే ఏడాది అంచనా ఎవరు బాగా చూపిస్తే వాళ్ళే హెడ్డు అన్నాడట.

అంచనా చూపించాల్సిన రోజు పొద్దుట్నుంచీ ఒకటే వాన. రోడ్లు మునిగాయి, ఎవరింట్లోంచి వాళ్ళు వీడియోలోనే మాట్లాడండని కబురొచ్చింది. కీబోర్డేమో ముందురోజు ఆఫీసులోనే ఉండిపోయింది. లాప్‌టాప్ ఒక్కటే ఉంది. హాల్లో భోజనాల బల్ల మీద పెట్టుకుని, పైన చొక్కా, కింద లుంగీతో కూర్చున్నాడు. మిక్సీ వేయొద్దన్నాడు, తలుపు చప్పుడు చేయొద్దన్నాడు. నన్ను దగ్గొద్దన్నాడు. నేను పక్కన కుర్చీలో ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. షీటు బలిసిపోయి, ఒక అంకె మారిస్తే లెక్క తేలడానికి కాఫీ తాగేంత సేపు పట్టేది. అందుకని తను చెప్పేదాకా లెక్క కట్టకుండా దాని నోరు కట్టేశాడు. ఎఫ్ నైన్ మీట నొక్కితేనే కడుతుంది. అది గొప్ప తెలివని మా అందరికీ చెప్పుకున్నాడు కూడా.

పెద్దాయన అడిగాడు, వేసవి అమ్మకాలు సగానికి పడిపోతే ఎంత మిగులుతుందని. మా వాడు అంకె మార్చి మీట నొక్కాడు. ఆ లాప్‌టాప్‌లో ఆ మీటకి వేరే పని ఉంది. తెర వెలుగు పెరిగింది. లాభం అంకె కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. ఇంకా వెలుగు. ఆయన మొహం పెళ్ళి ఫోటోలో కన్నా తెల్లగా వెలిగిపోయింది.

"సగం అమ్మినా అంతే మిగులుతుందా?" అన్నాడు పెద్దాయన.

"ఒక్క నిమిషం సార్."

"పోనీ, అసలేం అమ్మకపోతే?"

మా వాడు సున్నా వేశాడు. లాభం అలాగే ఉంది.

"చాలా ధైర్యం చెప్పే లెక్కండీ మీది. ఇక ఫ్యాక్టరీ మూసేసుకోవచ్చు," అన్నాడు పెద్దాయన.

లెక్క కట్టమని చెప్పే బొత్తాం తెర మీద కూడా ఎక్కడో ఉందట. కానీ వేలితో బాణాన్ని జరిపి వెతకాలి. పదకొండేళ్ళలో ఒక్కసారీ ఆ వైపు పోని మనిషాయె. ఆ బాణం తప్పిపోయిన కోడిపిల్లలా తెరంతా తిరిగింది. మా అమ్మాయి తలుపు చాటునుంచి, పైన చూడండి, పైన, అని చేతులు ఊపుతోంది. ఈయన సీలింగు ఫ్యాను వైపు చూశాడు. ఈలోగా ఆ పిల్ల, నాది చూపించనా సార్ అంది. చూపించింది. అంకె మారిస్తే అంకె మారింది. అంతకన్నా ఘనకార్యమేమీ చేయలేదు, అదే చాలింది.

వారం తిరక్కుండా ఆ పిల్ల హెడ్డయింది. మా అల్లుడు రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. నాకూ కాస్త జాలేసింది. మూడో రోజు ఆ పిల్ల ఫోన్ చేసి, షీటులో ఏ వరస ఎందుకుందో రాసిస్తే కొత్తదాంట్లోకి ఎక్కిస్తానందట. కూర్చుని రాయడం మొదలుపెట్టాడు. మొదటిరోజు జోరుగానే సాగింది. మర్నాడు పెన్ను కొరకడం చూశాను. ఆ మర్నాడు మధ్యాహ్నం నా కుర్చీ పక్కనొచ్చి కూర్చున్నాడు.

"అత్తయ్యా, నాలుగువందల పన్నెండో వరసలో రెండున్నర అని ఉంది. ఎందుకు పెట్టానో గుర్తు రావట్లేదు. తీసేస్తే మొత్తం మారిపోతోంది."

"ఆ పిల్లనే అడగండి బాబూ."

"పెట్టింది నేను. ఆవిడకేం తెలుస్తుంది?"

"మీకు తెలీదని తెలుస్తుంది."

తర్వాత ఫోన్ తీసి, మేడమ్ అన్నాడు. అంతకుముందు ఆ నోట ఆ మాట నేను వినలేదు. ఫలానా వరస సంగతి నాకే తెలీదండీ అని ఒప్పేసుకున్నాడు.

"పోయిన ఏడే చూశాను సార్, అడిగితే మీరు కోప్పడ్డారు," అంది ఆ పిల్ల. "అది తీసేసే నా అంచనా కట్టాను."